మార్తమ్మ ఎడమ చేత్తో హైదరాబాదుకు

మా రేవు నుంచి హైదరాబాదు వెళ్ళేవాళ్ళలో ఎక్కువమంది కువైట్ విమానం ఎక్కడానికి వెళతారు. మిగిలినవాళ్ళు ఏదో కాగితం మీద సంతకం కోసం వెళతారు. నేను మా ఆవిడ తలకాయ లోపల ఫొటో తీయించడానికి వెళ్ళాను. రోగం చేతికైతే తలకి ఫొటో ఏమిటని సఖినేటిపల్లిలో అడగని మనిషి లేడు. ఒక్కొక్కరికీ విడిగా చెప్పే ఓపిక నాకు లేదు. అందుకే రాస్తున్నాను. యాభై దాటాక వయోజన విద్య బడిలో అక్షరాలు దిద్దినవాణ్ణి. తప్పులు మా అమ్మాయి దిద్దింది. తనకి దొరకనివి నావి.

మా ఆవిడ పేరు మార్తమ్మ. చిన్నప్పటి నుంచి లేసు అల్లుతుంది. కుడిచేతిలో సూది, దాని కొసన చిన్న కొక్కెం. ఎడమచేతి వేళ్ళ మధ్య దారం, అల్లిన ముక్క. కుడిచెయ్యి కొక్కెంతో దారం లాగుతుంటే ఎడమచెయ్యి బిగువు చూసుకోవాలి. పుష్కరాలకి ముందు ఏడాది ఆ ఎడమచెయ్యి మొండికేసింది. మొదట దారం జారవిడిచేది. తరవాత కుడిచెయ్యి అల్లిన వరసని ఎడమచెయ్యి పట్టుకుని లాగి విప్పేసేది. తాకితే చాలు, ఉలిక్కిపడినట్టు ఎగిరేది. ఒక్కోసారి ఎవరూ పిలవకుండానే మెల్లగా పైకి లేచి గాలిలో నిలబడేది. అమలాపురంలో డాక్టరుగారు వణుకుడు రోగం అని మాత్రలిచ్చారు. ఏడాది మింగింది. మాత్రలు అయిపోయాయి గాని చెయ్యి మాట వినలేదు.

నేనేమనుకున్నానో కూడా రాయాలి. ఒకరోజు చేపల పులుసులో ఉప్పెక్కువైందని కసిరాను. మర్నాడు ఆవిడ ఎడమచేతిలోంచి అన్నం కంచం నా ఒళ్ళో పడింది. పంతం పట్టిందనుకున్నాను. ఆ చేతిమీద ఒక్కటి వేశాను. అంతటితో ఊరుకోలేదు. లేసు ముక్కలు తీసుకోవడానికి వచ్చిన ఆడవాళ్ళ ముందు, రేవులో మా వాళ్ళ ముందు, "పంతానికి పోతోంది, మరేం రోగం లేదు" అన్నాను. మార్తమ్మ ఎనిమిది రోజులు నాతో మాట్లాడలేదు. తొమ్మిదో రోజు మాట్లాడింది. "నేను చేస్తన్నానో, అదే చేస్తందో నాకే తెలవట్లేదండి. ఎవరైనా చూసి చెప్తే బాగుండును," అంది.

అది చూసి చెప్పేవాళ్ళ కోసమే ఈ ప్రయాణం.

రేవు దాటడం

అంతర్వేది తీర్థం అయిన వారానికి బయల్దేరాం. తీర్థం రోజుల్లో నేను కదలడానికి లేదు. ముప్ఫయ్యేళ్ళుగా పంటు మీద తాడు పని నాది. పంటు అంటే పడవల మీద బల్లలు పరిచి, మనుషుల్నీ మోటారు సైకిళ్ళనీ నరసాపురం వైపు దాటించేది. రోజూ పదిసార్లు దాటే ఏరు. ఆ రోజు మాత్రం టిక్కెట్టు కొనుక్కుని దాటాను. మా వాళ్ళు వద్దన్నా కొన్నాను. పని మానేసిన రోజు నేనూ అందరిలాంటి మనిషినే కదా.

ఎక్కేముందు నా తుండుగుడ్డతో మార్తమ్మ ఎడమచెయ్యి నడుముకి కట్టేశాను. జనంలో ఆ చెయ్యి లేస్తే చూసేవాళ్ళు ఒకరినొకరు పొడుచుకుంటారు. నాకు సిగ్గు.

"బిగించి కట్టేరండి," అంది.

"లేస్తుంది మరి."

"లేత్తే లేవనివ్వండి. దాని దారిన అది లేత్తాది, మీ దారిన మీరు కూకోండి."

నేను వదులు చేయలేదు.

నరసాపురం బండి

సాయంత్రం బండి. మా ఎదురుగా రాజోలు దగ్గర పల్లెటూరి మనిషి కూర్చుంది. పేరు సత్యవతి. కువైట్‌లో ఇంటి పనికి మూడోసారి వెళుతోంది. సంచిలో ఆవకాయ సీసా, కాళ్ళ దగ్గర పూతరేకుల డబ్బా. ఆ డబ్బాని ఒక కన్నుతో కనిపెట్టుకునే ఉంది.

భీమవరం దాటాక భోజనం కోసం తుండుగుడ్డ విప్పాను. అంతే. ఎడమచెయ్యి నెమ్మదిగా ముందుకు వెళ్ళి సత్యవతి చీర కొంగు పట్టుకుంది. పట్టుకుంటే వదలదు. అది దాని పద్ధతి. సత్యవతి కొంగు లాక్కుంది. చెయ్యి ఇంకా బిగించింది.

"ఏవండీ పిన్నిగారూ, ఏం కావాలండీ?" అంది ఆవిడ, కోపం అణుచుకుని.

"నాకేం అక్కర్లేదమ్మా. దానికి కావాలి," అంది మార్తమ్మ. కుడిచేత్తో ఎడమచేతి వేళ్ళు ఒక్కొక్కటీ విప్పుతోంది.

నేను తల దించుకున్నాను. సత్యవతి కాసేపు చూసింది. తరవాత లేచి వచ్చి మార్తమ్మ పక్కన కూర్చుని, తనే వేళ్ళు విప్పింది. పిల్లల గుప్పిట్లోంచి రాయి తీసినట్టు, తొందర లేకుండా. విప్పాక ఆ చేతిలో ఒక అరటిపండు పెట్టింది. చెయ్యి పండు పట్టుకుని ఊరుకుంది.

"కువైట్‌లో నేను పనిచేసే ఇంట్లో ముసలి సేటమ్మకి కూడా ఏదో ఒకటి పట్టుకోవాలండి. ఉత్త చేతులతో ఉండలేదు," అంది.

నేను ఏడాదిగా తుండుగుడ్డ కడుతున్నాను. ఈవిడ అరటిపండుతో పని తేల్చేసింది. నాకు నచ్చలేదు గాని, నిజం కాబట్టి రాశాను. పూతరేకులు రెండు పెట్టింది. ఆత్రేయపురం రేకులే.

బొండాం పది రూపాయలు

హైదరాబాదులో దిగిన మొదటి రోజు నన్ను బాధపెట్టింది కొబ్బరి. ఆసుపత్రి గేటు ముందు బండి మీద బొండాలున్నాయి. ఒక్కోటి పది రూపాయలు. మా వైపు ఇంటికి చుట్టం వస్తే డబ్బు మాట రాకుండా చెట్టు దించి కొట్టిస్తాం. ఇక్కడ బొండాంలో మూడు గుక్కల నీళ్ళు. అదీ వేడెక్కినవి.

"ఇది ఎక్కడి కాయయ్యా?" అన్నాను.

"కోనసీమ కాయ సార్. అసలు మాల్."

"నాది కోనసీమే. ఈ కాయ దించి పది రోజులైంది. ముచిక చూడు, నల్లబడింది."

"గంత తెలిస్తే ఆడ్నే తాగి రావాలె పెద్దాయనా. గీడికెందుకొచ్చినవ్?"

రెండు కొన్నాను. టీ మూడు రూపాయలు, చిక్కగా ఉంది, పాలకి లోటు లేదు. భోజనం పాతిక. అన్నం పొడిగా, మెతుకు దేనికది. పప్పులో పులుపు తక్కువ. గోంగూర అడిగితే చెంచాడు వేశాడు, మందు వేసినట్టు. మార్తమ్మ మాత్రం అన్నీ బాగున్నాయంది. వంట తను చేయనిది ఏదైనా ఆవిడకి బాగానే ఉంటుంది.

వరండాలో చంద్రయ్య

ఆసుపత్రి వరండాలో బల్లలున్నాయి. అక్కడ పొద్దు గడిచేది మాటలతోనే. మా పక్కన నల్లగొండ వైపు నుంచి వచ్చిన చంద్రయ్య అనే రైతు, వాళ్ళ అన్నతో. ఆ అన్న నిటారుగా కూర్చుని ఎదురుగోడనే చూస్తున్నాడు. గౌరవం గల మనిషి, మాట్లాడడం ఇష్టం లేదేమో అనుకున్నాను.

"మాట్లాడ్తడు. గని కండ్లు కిందికి దిగయ్," అన్నాడు చంద్రయ్య. "మెట్లు కనవడయ్. ఎన్కకు పడ్తడు, చెట్టు పడ్డట్టు. పల్లెంల ఏముందో సుత కనవడది."

మధ్యాహ్నం వాళ్ళు డబ్బా విప్పారు. జొన్నరొట్టె, పచ్చడి. చంద్రయ్య పళ్ళెం ఎత్తి అన్న కళ్ళ ఎదురుగా పట్టుకున్నాడు. ఆయన ముక్క తుంచుకుంటున్నంతసేపూ పట్టుకునే ఉన్నాడు. చెయ్యి నొప్పి పుడితే చెయ్యి మార్చాడు. తను తిన్నది ఆ తరవాతే.

"అక్కకేమైంది?" అని నన్నడిగాడు.

"చెయ్యి దానంతటదే లేస్తుందంటుంది," అన్నాను.

"అంటుందా? లేస్తదా?"

మార్తమ్మ నా వైపు చూసింది. నేను పళ్ళెం వైపు చూశాను.

అయస్కాంతం గది

రెండో రోజు ఫొటో. ఫొటో అంటే మామూలు కెమెరా కాదు. గదంతా ఒక పెద్ద అయస్కాంతం. మనిషిని బల్ల మీద పడుకోబెట్టి గొట్టంలోకి తోస్తారు. లోపల తల కదలకూడదు. బయటికి వినపడే చప్పుడు మా ఊరి రైసుమిల్లుకి తక్కువ కాదు. గాజులు, చెవిదిద్దులు, జడలో పిన్నులు, అన్నీ తీయించారు. యంత్రం నడిపే కుర్రాడు నెమ్మదైనవాడు. "ఇనుము ఏమైనా ఉందా అమ్మా?" అని మూడుసార్లు అడిగాడు.

పది నిమిషాలకి ఆపేశాడు. లోపల ఎడమచెయ్యి లేచి గొట్టాన్ని తడుముతోందట. భుజం కదిలితే తల కదులుతోంది. ఫొటో చెదిరిపోయింది. మధ్యాహ్నం మళ్ళీ చూద్దామన్నాడు. అప్పటికీ కుదరకపోతే మత్తు ఇవ్వాలి, దానికి ఇంకో తేదీ ఇస్తారు. ఇంకో తేదీ అంటే ఇంకో నెల. మార్తమ్మ కళ్ళు తుడుచుకుంది. కుడిచేత్తో తుడుచుకుంటుంటే ఎడమచెయ్యి వచ్చి కుడిచేతిని పక్కకి లాగింది.

బల్ల మీద కూర్చున్నాక ఆవిడ సంచిలోంచి దారం ఉండ తీసి ఎడమచేతిలో పెట్టుకుంది. అలవాటు. చెయ్యి ఉండ చుట్టూ వేళ్ళు ముడుచుకుని, పడుకున్న పిల్లిలా అయిపోయింది. అప్పుడు నాకు రైలూ అరటిపండూ గుర్తొచ్చాయి.

లేచి ఆ కుర్రాడి దగ్గరికి వెళ్ళాను. "ఇది పట్టుకుని పడుకోనివ్వండి. కదలదు," అన్నాను.

అతను ఉండని అటూ ఇటూ తిప్పాడు. "దారమే కదా? సరే."

గది తలుపు దాటి నాలుగడుగులు వేసిందో లేదో, మార్తమ్మ చేతిలో ఉండ గొట్టం వైపు గుంజడం మొదలెట్టింది. గాలం మింగిన చేప గుంజినట్టు. చెయ్యి ముందు, ఆవిడ వెనక. కుర్రాడు "ఆగండి! వెనక్కి!" అని అరిచి ఆవిడ భుజాలు పట్టుకుని గుమ్మంలోకి లాగాడు. ఉండ విప్పి చూస్తే లోపల కొక్కెం సూది.

తప్పు ఎవరిదీ కాదు. మా వైపు లేసు అల్లే ఏ ఆడమనిషైనా పొద్దుగూకే వేళ పని ఆపేటప్పుడు సూదిని దారం ఉండలో గుచ్చి పైన నాలుగు చుట్లు చుడుతుంది. పిల్లల కాళ్ళకి గుచ్చుకోకుండా. వేల సార్లు చేసిన పని మనసుకి గుర్తుండదు.

మార్తమ్మ పమిట నోటికి అడ్డం పెట్టుకుంది. ఏడుస్తోందనుకున్నాను. నవ్వుతోంది.

"సూసేరా? ఇప్పుడు లాగింది మాత్రం నేను కాదు," అంది.

సూది తీసేసి ఉండ మళ్ళీ ఇచ్చారు. ముప్పావుగంట లోపల ఉంది. ఎడమచెయ్యి ఉండ వదల్లేదు, బల్ల మీంచి లేవలేదు. కుర్రాడు సూదిని కాగితంలో చుట్టి, రెండు చేతులతో తెచ్చి నాకు అప్పగించాడు.

తీగల గది

మూడో రోజుది నా లెక్కలో అసలు పరీక్ష. చిన్న గది, చప్పుడు లేదు. డాక్టరమ్మ మా అమ్మాయి ఈడుది. మార్తమ్మ తలమీద పాయ పాయ విడదీసి, జిగురు ముద్దతో బొత్తాలంత బిళ్ళలు అంటించి, వాటికి తీగలు తగిలించారు. చేతిమీద ఇంకో నాలుగు. తీగలన్నీ వెళ్ళి కంప్యూటరులో గీతలయ్యాయి.

మణికట్టు దగ్గర చిన్న కరెంటు పెట్టారు. బొటనవేలు టిక్కుటిక్కుమంది. కుడివైపు పెడితే వేలు ఒక్కసారి కదిలి ఊరుకుంది. ఎడమవైపు పెడితే వేలు కదిలి, వెనకే చెయ్యంతా ఎగిరింది. కబురు తలదాకా వెళ్ళాక అక్కడ ఎవరినీ అడక్కుండానే ఎగురుడు తిరిగొస్తోందని చెప్పింది డాక్టరమ్మ. పంటు అవతలి రేవుకి చేరగానే, ఎవరూ చెప్పకుండా ఖాళీగా వెనక్కి వచ్చేసినట్టు. ఈ పోలిక నాది, ఆవిడది కాదు.

తరవాత కుడిచెయ్యి తనకి తోచినప్పుడల్లా ఎత్తమంది. మార్తమ్మ చాలాసార్లు ఎత్తింది. ఆ తరవాత ఏమీ చేయవద్దని చెప్పి, ఎడమచెయ్యి తనంతట తాను ఎగిరేదాకా కాచుకున్నారు. గంట పైన పట్టింది. అన్నీ కలిపి లెక్కగట్టాక మా ఇద్దరినీ తెర ముందుకి పిలిచింది.

"అమ్మా, మనం కావాలని చెయ్యి ఎత్తాలంటే, ఎత్తే ముందే తల్లో ఒక తయారీ జరుగుతుంది. ఇదిగో, కుడిచెయ్యి లేచే ముందు ఈ గీత ఎలా మెల్లగా ఎక్కుతోందో చూడండి. ఇప్పుడు ఎడమచెయ్యి ఎగిరే ముందు చూడండి."

చూశాను. గీతలు చదవడం నాకు అక్షరాల కంటే తేలికే, నీటి మట్టం చూసి బతికినవాణ్ణి. మొదటి గీత పోటు ఎక్కినట్టు ఎక్కింది. రెండోది ముందు చదునుగా ఉండి, ఎగురుడుకి ఒక్క లిప్త ముందు మాత్రం చిన్న ముల్లులా లేచింది.

"అంటే కావాలని చేయటం లేదంటారు," అన్నాను.

"ఈ ఎగురుళ్ళు కావాలని చేసేవి కావు. మెల్లగా లేచే చెయ్యి సంగతి ఈ యంత్రానికి ఇంత తేలిగ్గా అందదు. కానీ అదీ ఈ జబ్బులో భాగమే."

"పంతం కాదు."

"పంతమా? ఎవరన్నారు?"

మార్తమ్మ తీగల కిరీటంతో తల తిప్పకుండా, "ఇక్కడే ఉన్నారండి ఆయన," అంది.

డాక్టరమ్మ నన్ను ఒక్క మాట అనలేదు. అంటే బాగుండేది.

కురిడీ కాయ

నాలుగో రోజు పెద్ద డాక్టరుగారు ఫొటోలు వెలుగుకి పెట్టి చూపించారు. కాయని అడ్డంగా కోసినట్టుంది తలకాయ. ఎడమ సగం నిండుగా ఉంది. కుడి సగం, పైభాగంలో, ఎముకని వదిలి లోపలికి కుంచించుకుపోయింది. మేము కాయల్ని అటక మీద ఆరబెట్టి కురిడీ చేస్తాం. ఎండిన కొబ్బరి చిప్పని వదిలేసి లోపల లొటలొటలాడుతుంది. అచ్చం అలా. తలకి కుడివైపు చెడితే చెయ్యి ఎడమది చెడుతుందట.

రోగం పేరు కార్టికోబేసల్ అని మొదలవుతుంది. మిగతాది కాగితం మీద రాయించుకుని, అక్షరం అక్షరం కూడబలుక్కున్నాను. వణుకుడు రోగానికి చుట్టమే గాని ఆ మాత్రలకి లొంగేది కాదు. చాలా అరుదుగా వస్తుంది. మాన్పే మందు లేదు. ఎగురుళ్ళు తగ్గడానికి ఒక బిళ్ళ రాశారు. కొన్నేళ్ళకి రెండో చేతికీ, నడకకీ వస్తుందని డాక్టరుగారు దాచకుండా చెప్పారు. నాకు ఆయన నచ్చారు.

"లేసు అల్లొచ్చాండి?" అంది మార్తమ్మ.

"కుడిచెయ్యి బాగున్నన్నాళ్ళూ అల్లండి. ఎడమచేతికి మాత్రం ఏదో ఒకటి పట్టుకోవడానికి ఇవ్వండి. కట్టేయకండి."

తుండుగుడ్డ అప్పుడు నా భుజం మీదే ఉంది.

బయటికి వచ్చి మెట్ల మీద కూర్చున్నాం. జుట్టులో ఇంకా జిగురు ముద్ద మిగిలి ఉంటే తడిగుడ్డతో తీశాను. ఇంత రోగం పేరు విని ఈవిడ కుంగిపోతుందని నేను భయపడుతున్నాను. ఆవిడ మొహం తేటగా ఉంది.

"తప్పు నాదే," అన్నాను. "చేతిమీద కొట్టడం కూడా."

"ఆయ్."

"ఏం చెయ్యమంటావు?"

"పంతం అని నలుగురిలో అన్నారు. ఇది నాకొక్కద్దానికే మెట్ల మీద సెప్తే ఎలాగండి? ఆ నలుగురిలోనే సెప్పండి."

సరే అన్నాను.

తిరుగు బండి

తిరుగు బండిలో ఆవిడకి అల్లాలనిపించింది. ఎడమచేతికి దారం ఉండ ఇచ్చాం. మరి అల్లే ముక్కని ఎవరు పట్టుకోవాలి? నేను పట్టుకున్నాను. నా జీవితంలో పట్టుకున్నవన్నీ మోకులు. ఈ దారం చూస్తే వేళ్ళ మధ్య ఉందో లేదో కూడా తెలియదు.

"పడవ తాడులా లాగకండి బాబూ. తెగిపోద్ది."

"వదులు చేశాను కదా."

"మరీ అంత వదులైతే పందిరి మీద పాదులా ఏలాడతాది. కొంచెం బిగువు. కొంచెం. ఆఁ."

పక్క బల్ల మీద ఆడపిల్లలు కిసుక్కుమన్నారు. "తాతగారు లేసు నేర్చుకుంటన్నారు," అంది ఒకతె.

"నేర్చుకుంటే తప్పా? నేను అఆలు నేర్చుకున్నది కూడా మీ నాన్నల వయసులోనే," అన్నాను. తరవాత దగ్గరికి వచ్చి చూశారు కూడా. భీమవరం వచ్చేసరికి బెత్తెడు ముక్క అయింది. రెండు చోట్ల వంకర ఉంది. ఆ వంకరలు నావి. విప్పుతానంటే మార్తమ్మ విప్పనివ్వలేదు.

మళ్ళీ రేవు

నరసాపురం వైపు రేవులో పంటు నిండా మనుషులు. మా వాళ్ళు ముగ్గురున్నారు. లేసు ముక్కలు పోగుచేసే సుగుణమ్మ ఉంది. నేను ఎవరి ముందు ఏ మాట అన్నానో వాళ్ళంతా ఉన్నారు. పంటు కదిలింది.

"ఏం తేల్చేరు బావగారూ పట్నంలో?" అన్నాడు చుక్కాని దగ్గర ఉన్న మా అబ్రహాము.

నాకు పెద్ద గొంతే. నీళ్ళ మీద ఇంకా పెద్దగా వినపడుతుంది. లేచి నిలబడ్డాను.

"ఈవిడది పంతం కాదు. నేనన్నది తప్పు. తల్లో కుడివైపు కురిడీ అయింది, అందుకని ఆ చెయ్యి తన ఇష్టం వచ్చినట్టు పోతోంది. నేను కళ్ళతో చూసొచ్చాను. ఇంక ఎవరైనా పంతం అంటే నాతో చెప్పండి."

సుగుణమ్మే ముందు కదిలింది. వచ్చి మార్తమ్మ పక్కన కూర్చుని ఆ వంకర ముక్క అందుకుని చూసింది. "ఇదేంటి వదినా, ఇక్కడ వంకరొచ్చింది?"

"అది మీ అన్నయ్యగారి ఎడమచెయ్యి," అంది మార్తమ్మ.

పంటు మీద అంతా నవ్వారు. నేనూ నవ్వాను.

సఖినేటిపల్లి ఒడ్డు దగ్గర పడుతోంది. ఆ నవ్వుల్లో దారం ఉండ మార్తమ్మ ఒళ్ళోకి జారింది. ఎడమచెయ్యి నెమ్మదిగా లేచింది. మోచెయ్యి, మణికట్టు, తరవాత వేళ్ళు. తల పైదాకా వెళ్ళి గాలిలో నిలబడింది. నా చెయ్యి అలవాటుగా భుజం మీద తుండుగుడ్డ మీదికి వెళ్ళి, ఆగిపోయింది.

ఒడ్డున కాచుకున్నవాళ్ళు ఆ చెయ్యి చూశారు. పట్నం నుంచి వచ్చినావిడ పలకరిస్తోందనుకున్నారేమో, ముందు ఒకాయన చెయ్యెత్తాడు, వెనక ఇంకో నలుగురు ఎత్తారు.

"అయ్యో, వాళ్ళకి బదులు సెప్పాలి కదండీ," అంది మార్తమ్మ, నవ్వుతూ, కుడిచెయ్యి కూడా ఎత్తి.

తుండుగుడ్డ వదిలేసి నేనూ ఎత్తాను.